టక్‌మన్నాక ఒకటి, రెండు, మూడు

"మొదలుపెట్టండి" అన్నాను. బొటనవేలితో స్టాప్‌వాచ్ నొక్కాను, టక్‌మంది, ఆమె చేతులు రెండూ బల్ల మీద నుంచి లేచి గుండెల దగ్గరికి వెళ్ళి ఆగిపోయాయి. అదిగో, మళ్ళీ. పోయినసారీ ఇంతే. మూడు నెలల కిందట ఇదే గది, ఇదే కుర్చీ, ఎడమవైపు కిటికీలోంచి ఇదే పొద్దుటి వెలుతురు, ఆమె చేతులు ఇలాగే లేచి ఆగితే నేను కాగితం మీద 'మొదలుపెట్టడంలో జాప్యం' అని రాసి కింద గీత కూడా గీశాను. గీతలు గీయడం నాకో జబ్బు. చేతులు దిగాయి. ఎర్రపక్క, తెల్లపక్క, సగం ఎరుపు సగం తెలుపు పక్క, నాలుగు చెక్కముక్కలూ అట్ట మీది బొమ్మలో ఉన్నట్టే తిరిగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. "అయింది మేడమ్" అంది. టక్. చేతులు మళ్ళీ గాలిలోకి. పద్నాలుగు సెకన్లు. ఎంత తక్కువ సెకన్లయితే అంత ఎక్కువ మార్కులు. ఇలాంటి బొమ్మలు తొమ్మిది, చెయ్యాల్సినవి ఇంకా ఎనిమిది ఉన్నాయి. తొమ్మిదీ కలిపి ఇరవై ఆరు మార్కులు దాటితే ఈమె తిరిగి ప్రెస్సు మిషను ముందుకి వెళుతుంది, దాటకపోతే ఇంటికి వెళుతుంది. డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు కొట్టే ప్రెస్సు అది. కింద రేకు పెడితే పైనుంచి ఇనుపదిమ్మ దిగి మూత కొట్టేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు దాని ముందు నిలబడిందట. మొన్నామధ్య చిన్నపాటి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి రెండు వారాలు మొద్దుబారింది, మళ్ళీ దారికొచ్చింది. చెయ్యి బాగుందని ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చారు, బుర్ర సంగతి నన్ను తేల్చమన్నారు. మొదటిసారి పంతొమ్మిది వచ్చింది. అప్పట్నుంచీ చీటీలు అంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇవాళ్టిది ఆఖరిది.

రెండో బొమ్మ. "ఇప్పుడు ఇలాంటిది చెయ్యండి. మొదలుపెట్టండి." నా నోటి నుంచి వచ్చే ప్రతి మాటా నియమాల పుస్తకంలో అచ్చయి ఉంది, పందొమ్మిదేళ్ళుగా ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. 'బాగుంది' అనకూడదు, 'అయ్యో' అనకూడదు, కనుబొమ ఎత్తకూడదు. ఈ పరీక్షని తయారుచేసిన మా సైకాలజీ పెద్దసారు మమ్మల్ని అద్దాల ముందు నిలబెట్టి నేర్పించాడు, ముఖాన్ని గోడలా పెట్టుకోవడం. మా అమ్మాయి చిన్నప్పుడు బళ్ళో టీచరు అడిగితే "మా అమ్మ మనుషుల్ని తూకం వేస్తుంది" అని చెప్పిందట. నవ్వుకున్నాం కానీ నిజానికి అది పొగడ్తే అనుకున్నాను నేను. ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం నా గోడముఖాన్ని చూడటం లేదు, నా చేతిలోని గడియారాన్ని చూస్తోంది. ఇందాక గుమ్మంలో చెప్పులు సర్దుకుంటూ అంది, "చీటీలు అంటించే పని పనేనా మేడమ్? జిగురు పూసీ పూసీ విసుగొస్తోంది. ఇంట్లో కూర్చోబెడితే ఈ చేతులే నన్ను తినేస్తాయి." పరీక్షకి ముందు ఓదార్పులు ఉండవు. టక్. చేతులు లేచాయి. ఆగాయి. దిగాయి.

పోయినసారి ఒక పెట్టెలోని బొమ్మలు, ఈసారి వేరే పెట్టె. ఒకే కష్టం, వేరే బొమ్మలు. జ్ఞాపకం సాయం చెయ్యకుండా ఆ ఏర్పాటు. ఇప్పటికి రెండు బొమ్మల మార్కులూ పోయినసారి రెండింటితో అంగుళం తేడా లేకుండా సరిపోయాయి, లోపల చిన్న గర్వం తల ఎత్తింది, చూశావా నా పరీక్ష, ఎప్పుడు అడిగినా ఒకే మాట. విశ్వసనీయత అంటే అదే కదా. పెద్దసారు తరగతిలో చెప్పేవాడు, "ఎన్నిసార్లు అడిగినా అదే జవాబిస్తే విశ్వసనీయత. అడిగినదానికే జవాబిస్తే సప్రమాణత. మా అత్తగారు ముప్ఫై ఏళ్ళుగా నా గురించి ఒకే మాట అంటున్నారు, ఆవిడ విశ్వసనీయతకి వంక పెట్టలేం. అంతమాత్రాన ఆ మాట నిజమైపోతుందా?" తరగతంతా గొల్లుమనేది. మూడో ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వేవాడు కాదు. "ఎవరి విషయంలోనైనా ఒకే న్యాయంగా జవాబివ్వాలి. అది నిష్పాక్షికత. అది కష్టం రా అబ్బాయిలూ." అమ్మాయిల్ని కూడా అబ్బాయిలూ అనేవాడు. నాకు పరీక్షలో ఆ మూడింటికీ నిర్వచనాలు పొల్లు పోకుండా వచ్చాయి, మొదటి మార్కు నాదే. నిర్వచనం వస్తే వచ్చినట్టే అనుకునే వయసు.

మూడో బొమ్మ. టక్. నాన్న దర్జీ. ఎందుకు గుర్తొచ్చాడో ముందు తెలియలేదు. నాన్న మెడలో వేలాడే కొలతపట్టీ నా కంటే పెద్దది వయసులో, లాగీ లాగీ సాగిపోయి మొత్తమ్మీద నాలుగు అంగుళాలు ఎక్కువైపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు, నాన్నకి కూడా. ఎందుకంటే మనిషినీ దానితోనే కొలిచేవాడు, గుడ్డనీ దానితోనే కొలిచేవాడు, తప్పుకి తప్పు సరిపోయి చొక్కా ఒంటికి అతికినట్టు వచ్చేది. ఊరంతా మెచ్చుకునేది. ఒకసారి ఒక నర్సు వేరే దర్జీ దగ్గర రాయించుకున్న కొలతల చీటీ తెచ్చింది, నాలుగు యూనిఫారాలు. నాలుగూ గోనెసంచుల్లా వదులు. నాన్న ఎంత మొండివాడంటే "చిక్కిపోయారమ్మా మీరు" అన్నాడు. ఆవిడ చిక్కలేదు. నాన్న ఆ రాత్రి అన్నం దగ్గర కూడా అదే మాట, మనిషి చిక్కిపోయింది, నా పట్టీ ఎప్పుడూ తప్పు చెప్పలేదు, ముప్ఫై ఏళ్ళుగా ఒకేలా చెబుతోంది. అమ్మ గరిటె పక్కన పెట్టి, "ముప్ఫై ఏళ్ళుగా సాగిందేమో చూసుకోండి ఒకసారి" అంది. నాన్న రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. మూడో రోజు బజారు నుంచి కొత్త పట్టీ కొనుక్కొచ్చాడు, పాతదాని పక్కన పరిచి చూసి, అలా నేల మీదే కూర్చుండిపోయాడు. ఎదురుగా ఆమె చేతులు గుండెల దగ్గర ఆగి ఉన్నాయి. ఈసారి నేను ఆ ఆగడాన్ని కూడా లెక్కపెట్టాను. మూడు సెకన్లు.

నాలుగో బొమ్మ, మూడు సెకన్లు. రెండున్నర కాదు, అయిదు కాదు. ఉండు ఉండు, అనుకున్నాను నాలో నేను. జబ్బు వల్ల తడబడే మనిషి ఇలా తడబడదు. ఒకసారి రెండు, ఒకసారి ఏడు, ఒకసారి అసలు మొదలుపెట్టడమే మర్చిపోయి కిటికీలోంచి చూడటం, అలా ఉంటుంది జాప్యమంటే. ఇది కొలిచి కోసినట్టుంది. రాసుకుందామని పెన్ను తీసి పైన నొక్కాను. టక్. అంతే, సగం అతికిన బొమ్మ మీద నుంచి ఆమె చేతులు రెండూ నిప్పు తగిలినట్టు లేచాయి, అరచేతులు నావైపు తిరిగి, గుండెల దగ్గర ఆగాయి. కళ్ళు చెక్కల మీద లేవు, పైకి, బల్లకి మూరెడు ఎత్తున, అక్కడ ఏమీ లేని చోట ఉన్నాయి. పెదవులు కదిలాయి. ఒకటి. రెండు. మూడు. చేతులు దిగాయి, బొమ్మ పూర్తయింది. "అయింది మేడమ్." నేను గడియారం ఆపడం ఒక క్షణం మర్చిపోయాను. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి.

పోయినసారి ముఖాముఖిలో చెప్పింది, నేనే రాసుకున్నాను, 'వృత్తి వివరాలు: అవసరానికి మించి చెబుతున్నారు' అని పక్కన వ్యాఖ్య కూడా పెట్టాను, నా మొహం మండ. ఆమె చెప్పిందేమిటి? "ముందు టక్‌మని పిన్ను పడుతుంది మేడమ్, ఆ తర్వాత దిమ్మ దిగుతుంది. టక్‌మన్నప్పుడు చేతులు లోపల ఉంటే ఇక లేవన్నట్టే. దిమ్మ పైకి పోయాక కూడా నమ్మకూడదు, ఒక్కోసారి అది మనం అడక్కుండానే రెండో దెబ్బ వేస్తుంది. అందుకని మూడు లెక్కపెట్టి అప్పుడు చెయ్యి పెట్టాలి. కొత్తవాళ్ళకి నేనే నేర్పిస్తాను. ఒకటి, రెండు, మూడు. సూపర్‌వైజరు తిట్టినా సరే, మూడు." ముప్ఫై ఒక్క ఏళ్ళు. రోజుకి ఎన్ని మూతలు? వేలు. వేలు ఇంటూ రోజులు ఇంటూ ఏళ్ళు, నాకు లెక్కలు రావు, వచ్చినా ఆ అంకె నోట పట్టదు. అన్నిసార్లు ఈ చేతులు చావు కిందికి వెళ్ళి వెనక్కి వచ్చాయి. ఇప్పుడు ఆ ఇనుము లేని చోట, తివాచీ పరిచిన గదిలో, నా బొటనవేలి కింద అగ్గిపెట్టె పాటి గడియారం టక్‌మన్నా వస్తున్నాయి, ఆమె రమ్మనకుండానే వస్తున్నాయి. ఎక్కడుంది ఇది ఈ మనిషిలో? పక్షవాతం తల్లోకి వచ్చి తడుముకుంటూ తిరిగినప్పుడు దీన్ని తాకకుండా ఎలా పోయింది? ఇల్లంతా మునిగినా దీపం ఆరనట్టు, ఏ మూలన, ఎంత లోతున దాచుకుందమ్మా దీన్ని నువ్వు? నేనేమో గీత గీశాను. జాప్యమట. యంత్రం ముందు సురక్షితంగా పనిచెయ్యగలదా లేదా చెప్పమని నన్నడిగితే, ఏది ఆమెను ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపాడిందో సరిగ్గా దానికే మార్కులు కోసేశాను నేను. ఒక్క బొమ్మకి కాదు, పోయినసారి తొమ్మిదింటికీ, ఈసారి ఇప్పటికి నాలుగింటికీ. రెండుసార్లు. అంగుళం తేడా లేకుండా.

అయిదో బొమ్మ. పెన్ను తెరిచే ఉంచాను, పెన్ను గురించి నియమాల పుస్తకంలో ఏమీ లేదు. గడియారం గురించి ఉంది. "మొదలుపెట్టండి" అంటున్నాను, టక్, చేతులు లేస్తున్నాయి, ఇప్పుడు చూడలేకపోతున్నాను, చూడకుండా ఉండలేకపోతున్నాను. మధ్యలో ఆపేస్తే? గడియారం జేబులో పెట్టేసి, అక్కా నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అంటే? పెద్దసారు గొంతు చెవిలోనే ఉంది, "ఒకరికి గడియారం, ఒకరికి జాలి ఇస్తే అది పరీక్ష కాదు, పేరంటం." నిజమే. అందరికీ ఒకే మాట, ఒకే చెక్కలు, ఒకే టక్, అదే కదా న్యాయం. మరి ఆ టక్ అందరి చెవిలో ఒకటేనా? కాలేజీ కుర్రాడికి అది గడియారం చప్పుడు. ఈమెకి అది దిమ్మ దిగబోతోందన్న కబురు. పెద్దసారు నలభై ఏళ్ళ కిందట పద్దెనిమిది వందల మందిని కూర్చోబెట్టి కట్టిన మార్కుల పట్టిక ఇది, విద్యార్థులు, గుమస్తాలు, ఉపాధ్యాయులు. నేను దాన్ని కళ్ళకద్దుకున్నదాన్ని. ఆ పద్దెనిమిది వందల మందిలో టక్‌మంటే చెయ్యి పోయే చోట పనిచేసిన వాళ్ళు ఒక్కరున్నారా? వాళ్ళ కొలతపట్టీతో ఈమె కొలతలు తీసి, వదులైతే, చిక్కిపోయారమ్మా మీరు అంటున్నాను. నాన్నా, నీ కూతుర్నే నేను.

ఆరో బొమ్మ దగ్గర గుర్తొచ్చింది. ఈమె ఒక్కతే కాదు. అదే ఫ్యాక్టరీ నుంచి, అదే వరుస నుంచి, ఈ పందొమ్మిదేళ్ళలో పదకొండు మంది వచ్చారు. తలకి దెబ్బ తగిలి ఒకరు, జ్వరం తలకెక్కి ఒకరు, ఊరికే వయసు మీరిందని కొందరు. పదకొండు కాగితాల మీదా నా అందమైన చేతిరాతలో ఒకే మాట, మొదలుపెట్టడంలో జాప్యం. కింద గీత. అందరికీ ఒకేలా రావడం చూసి నేనేం చేశాను? ముచ్చటపడ్డాను. ప్రెస్సు పనివాళ్ళలో బుద్ధి మందగమనం మీద వ్యాసం రాద్దామని ఫైలు కూడా తెరిచాను. ఆ పదకొండు మందిలో ఎంతమంది మళ్ళీ మిషను ముందుకి వెళ్ళారో నాకు తెలియదు. అడగలేదు. నా పని అంకె వేయడం, ఆ తర్వాతది ఫ్యాక్టరీ డాక్టరు పని. "నాకు కథలొద్దు మేడమ్, నంబరు చాలు" అంటాడాయన ఫోనులో ఎప్పుడూ, మంచివాడే, తీరిక లేనివాడు. పదకొండు ఇళ్ళు. పదకొండు జతల చేతులు ఎక్కడో బల్లల మీద, ఒళ్ళో, ఏ పనీ లేకుండా. ఎవరింట్లోనో తలుపు గడియ టక్‌మంటే లేచి గుండెల దగ్గరికి వెళ్ళి మూడు లెక్కపెడుతూ ఉండవచ్చు ఇప్పటికీ.

ఏడు. ఎనిమిది. తొమ్మిది. ఆపలేదు నేను. ముఖం గోడలాగే పెట్టాను, పుస్తకంలో ఉన్న మాటలే అన్నాను, ఎందుకంటే సగంలో మారిస్తే రేపు ఎవరైనా ఆ ఒక్క కారణంతో ఈమెని కొట్టిపారేస్తారు. చివరి టక్ తర్వాత మార్కులన్నీ కలిపాను. ఇరవై వచ్చింది. పంతొమ్మిది, ఇరవై. ఏ పాఠ్యపుస్తకంలోనైనా వేసుకోదగ్గ జంట. పక్కన చిత్తుకాగితం మీద ఒక్కో బొమ్మకీ మూడు సెకన్లు తీసేసి మళ్ళీ కలిపాను. ఇరవై తొమ్మిది. ఇంకోసారి కలిపాను, ఇరవై తొమ్మిదే. నియమం ప్రకారం పరీక్ష ముగిశాక, మార్కులకి చేరకుండా, ఎదుటి మనిషి శక్తికి హద్దులు ఎక్కడున్నాయో తడిమి చూసే వెసులుబాటు మాకుంది. చాలామంది వాడరు, భోజనానికి ఆలస్యమవుతుందని. నేను స్టాప్‌వాచ్ తీసి సొరుగులో పెట్టాను, సొరుగు చప్పుడు కాకుండా మూశాను. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చప్పుడు చెయ్యకుండా జారే రకం.

"ఇంకొక్కటి చేద్దాం. ఇది మార్కులకి కాదు" అన్నాను.

"మార్కులకి కాకపోతే ఎందుకు మేడమ్?" అంది, నవ్వుతూనే.

"నా కోసం."

అన్నింటికంటే కష్టమైన బొమ్మ, తొమ్మిది ముక్కలది, మొదటి పెట్టెలోది, మూడు నెలల కిందటిది. నేను చేత్తో సైగ చేశాను. ఆ చేతులు. దేవుడా, ఆ చేతులు. ఎక్కడికీ లేవలేదు, ఎక్కడా ఆగలేదు, చెక్కల మీదికి సూటిగా వెళ్ళాయి, కుడిది తిప్పుతుంటే ఎడమది ముందే ఇంకోదాన్ని పట్టుకుని సిద్ధంగా ఉంది, జబ్బుచేసిన చెయ్యి అదేనంటే ఎవరు నమ్ముతారు, ఒక ముక్క తప్పు పక్క పడితే చూడకుండానే వేలి కొసతో తోసి సరిచేసింది, చూపు అప్పటికే మూడో ముక్క మీద ఉంది. పాత బొమ్మ కాబట్టి కొంచెం గుర్తుండి ఉండొచ్చు. ఉండనీ, ఆ కొంచెమెంతో నాకు తెలుసు, ఇది ఆ కొంచెం కాదు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఈ బల్లకి ఇవతల ఇన్నేళ్ళు కూర్చుని ఎన్ని వందల చేతుల్ని చూశాను, చూశాననే అనుకున్నాను. ఒక మనిషిలో ఎంత ఉంటుందో, అందులో ఎంత కొంచెం మా చెక్కముక్కల్లోకి వచ్చి వాలుతుందో, ఆ కొంచెం కూడా వాలేలోగా మేమే టక్‌మని ఎలా తరిమేస్తామో ఇప్పుడే తెలిసింది. నా గోడ కూలిపోయింది. ఆమె తలెత్తి చూసి కంగారుపడింది.

"తప్పు చేశానా?"

"లేదు. ఒకసారి చేతులు చూపిస్తారా?"

చాపింది. నూనె మరకలు పోని గీతలు, గోళ్ళ దగ్గర కాయలు కాసిన వేళ్ళు. నేను లెక్కపెడుతుంటే ఆమె నవ్వింది. "పదీ ఉన్నాయి మేడమ్. మా వరుసలో చేరినప్పుడు పద్నాలుగు మందిమి. పదికి పదీ మిగిలింది నాకొక్కదానికే. నేను నేర్పించిన పిల్లలకీ ఉన్నాయి, అందరికీ. నన్ను చీటీల బల్ల దగ్గరికి పంపించాక కొత్తగా వచ్చినమ్మాయికి మాత్రం..." అని ఆగింది. చూపుడువేలు మధ్యకి మడిచి చూపించింది. "పోయిన నెల. ఎవరూ లేరుగా చెప్పడానికి, మూడు లెక్కపెట్టమని."

గోడ గడియారం ముల్లు చప్పుడు లేకుండా జారుతోంది. నేను కాగితం ముందుకి లాక్కున్నాను. అంకె వేయాల్సిన గడి ఒకటుంది పైన, అగ్గిపుల్లంత పొడవు. దాన్ని ఖాళీగా వదిలేశాను. కింద రాశాను, రెండుసార్లూ వచ్చిన మార్కులు ఒకదానికొకటి సరిపోయాయి, కానీ అవి ఈమెవి కావు, నా గడియారానివి. మొదటి నివేదికలో నేను రాసినది తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈమె సామర్థ్యం మిషను దగ్గరే చూడాలి, నేను స్వయంగా వచ్చి చూస్తాను, అంతవరకు ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఈ వరుస నుంచి వచ్చిన మరో పదకొండు మంది కాగితాలు కూడా తిరగదోడాలి. సంతకం పెట్టాను. డాక్టరుకి కథలొద్దు కదా, ఈసారి తప్పదు, చదువుతాడు. చదవకపోతే ఆయన బల్ల ముందు కూర్చుని నేనే చదివి వినిపిస్తాను.

"నంబరు ఎంతొచ్చింది మేడమ్?" అంది ఆమె, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. పందొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్నకి నా దగ్గర అచ్చయిన జవాబొకటి ఉంది, ఫలితాలు మీకు తర్వాత తెలియజేస్తారు.

"ఇంకా రాలేదక్కా. గురువారం నేనే మీ మిషను దగ్గరికి వస్తున్నాను. మీరు నేర్పించండి, నేను చూస్తాను."

ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తొలిరోజు పనికొచ్చిన పిల్లని చూసినట్టు.

"వస్తే జుట్టు ముడేసుకుని రండి. చేతికి ఏమీ ఉండకూడదు మా దగ్గర" అంది. "వాచీ కూడా."